89 అడుగుల అల్లుడుగారికి, మామగారు వ్రాయునది

చిరంజీవి ఫ్లాట్‌కార్ అల్లుడుగారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ఇక్కడ బేస్‌మెంట్‌లో నా బొమ్మ రైలు బల్ల దగ్గర ఎవరూ కుశలంగా లేరు. గోడలూ పైకప్పూ లేని పొడవాటి సరుకు పెట్టె మీరు, నిన్న సాయంత్రం మళ్ళీ పట్టాలు తప్పారు. మీరొక్కరే పడితే ఎత్తి నిలబెట్టేవాణ్ణి. వెనకాల బుద్ధిగా వస్తున్న రెండు పొట్టి బొగ్గు పెట్టెలను, అంటే హాపర్లను కూడా లాక్కుని పడ్డారు. అందులో ఒకటి బల్ల దాటి కాంక్రీటు నేల మీద పడి, మూల మెట్టు విరగ్గొట్టుకుంది. అగ్గిపుల్ల మొన కంటే చిన్న ఆ మెట్టు కోసం టార్చి పట్టుకుని గంటసేపు మోకాళ్ళ మీద పాకాను. దొరకలేదు. ఇవాళ పొద్దున వాక్యూమ్ క్లీనర్‌కి దొరికే ఉంటుంది.

మీ అత్తగారేమో తప్పంతా నాదే అంటోంది. "పిల్లాడి ఎత్తు చూసి మురిసిపోయారు గానీ మన గుమ్మం ఎత్తు చూసుకున్నారా?" అని ఒక్క మాట అని టీ పెట్టడానికి పైకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం కప్పు తేలేదు.

గుమ్మం సంగతి మీకూ చెబుతాను. మన ఇల్లంటే 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న ఒక ప్లైవుడ్ షీటు. దాని మీద వేసిన వంపు రేడియస్ 18 అంగుళాలు. 22 అంగుళాల వంపు కూడా పట్టేదే, కానీ పట్టాల మధ్య నుంచి బల్ల అంచుకి 2 అంగుళాలే మిగులుతాయి. అక్కడ ఏ పెట్టె తూలినా నేరుగా నేల మీదకే. అందుకని 18కే కట్టుబడ్డాను. మనది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైల్లో 87వ వంతు. ఆ లెక్కన నా వంపు అసలు లోకంలో సుమారు 131 అడుగుల రేడియస్. అసలు రైల్వేల్లో 10 డిగ్రీల వంపంటేనే డ్రైవరు వేగం తగ్గించి జాగ్రత్తగా తిప్పుతాడు, దాని రేడియస్ దాదాపు 573 అడుగులు. దాన్నే మన స్కేలుకి కుదిస్తే ఆరున్నర అడుగులు వస్తుంది. అంటే రైలు వెనక్కి తిరగడానికే 13 అడుగుల వెడల్పు కావాలి. ఆ వంపు వెయ్యాలంటే గోడ పగలగొట్టి వాషింగ్ మెషీన్ వెనక నుంచి తిప్పుకు రావాలి. మీ అత్తగారు ఒప్పుకోదు.

ఇలాంటి ఇంటికి మిమ్మల్ని తెచ్చాను.

మీ వంశం గొప్పదే, కాదనను. లారీ ట్రైలర్లను రైలెక్కించడానికి అమెరికాలో 1955లో ట్రైలర్ ట్రైన్ కంపెనీ పుట్టింది. అప్పట్లో మీవాళ్ళు 75 అడుగులు. ఆ తర్వాత 85 అయ్యారు, చివరికి 89కి వచ్చి ఆగారు. రెండు 40 అడుగుల ట్రైలర్లను వీపున ఎక్కించుకుని దేశమంతా తిరిగిన కుటుంబం. షాపు అద్దంలో మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు ఆ పసుపు రంగులో అచ్చం మంగళస్నానం చేసొచ్చిన పెళ్ళికొడుకులా ఉన్నారు. అక్కడే పడిపోయాను. అట్టపెట్టె అడుగున "కనీసం 24 అంగుళాల రేడియస్" అని చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉందని ఇంటికొచ్చాక, కళ్ళజోడు పెట్టుకున్నాక తెలిసింది. పెళ్ళిచూపుల్లో పిల్లని నడిపించి చూసిన కాలంనాటివాణ్ణి నేను. పిల్లాణ్ణి బోర్లా తిప్పి, అడుగున చక్రాలు బిగించిన చట్రం, అంటే ట్రక్కు, ఎంతవరకు తిరుగుతుందో, ఎక్కడ ఫ్రేముకి రాసుకుంటుందో వేలితో తిప్పి చూడాలని నాకెవరు చెప్పారు?

బొమ్మ రైళ్ళు నడిపే మా వాళ్ళలో ఒక లెక్క ఉంది. వంపు రేడియస్ రైలు పెట్టె పొడవుకి మూడు రెట్లుంటే హాయిగా నడుస్తుంది. రెండున్నర రెట్లుంటే చాలావరకు నడుస్తుంది. రెండు రెట్లంటే దేవుడి దయ. బల్ల మీద మీ పొడవు 12 అంగుళాల పావు, నా వంపు 18. ఒకటిన్నర రెట్లు! దేవుడి దయకి కూడా అందని చోట నిలబడ్డాం మనం.

ఆ వంపులోకి మీరు రాగానే మీ నడుము అరంగుళం పైనే లోపలికి వంగుతుంది, మీ ముక్కు అరంగుళం దాకా బయటికి పోతుంది. లోపలివైపు ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడ్డ ప్లాస్టిక్ మనుషులిద్దరిని మీ నడుముతో తోసేశారు. ఒకాయన చేతిలో సూట్‌కేసు కూడా ఉంది పాపం. 40 అడుగుల బాక్స్‌కార్ (నాలుగు గోడలూ పైకప్పూ ఉన్న సరుకు పెట్టె) అదే వంపులో పక్కకి జరిగేది అంగుళంలో ఎనిమిదో వంతు. వచ్చిందీ పోయిందీ ప్లాట్‌ఫాం మీద వాళ్ళకే తెలియదు.

మీ కోసం నేనేం చెయ్యలేదు చెప్పండి? షాపులో కొన్నప్పుడు పక్క పెట్టెని పట్టుకునే మీ కొక్కేలు, అంటే కప్లర్లు, చక్రాల ట్రక్కులకే ఉన్నాయి. వంపులో చక్రాలతో పాటే తిరుగుతాయి కాబట్టి ముందుకి లాగినంతసేపూ మర్యాదగానే ఉండేవారు. సైడింగ్‌లోకి (పక్క పట్టాలోకి) వెనక్కి నెట్టగానే ఆ నెట్టుడంతా చక్రాల మీద పక్కవాటుగా పడి, ట్రక్కు అడ్డం తిరిగేది. సరే అని కేడీ కప్లర్లు తెప్పించి బాడీకి బిగించాను. (కేడీ అంటే మన పోలీస్ స్టేషన్ గోడ మీద ఫోటోలుండే రకం కాదు, కంపెనీ పేరే అది, సరుకు మేలైనది.) అప్పుడు ఇంకో గొడవ. వంపులో మీ ముక్కు బయటికి పోతుంది, మీ వెనకున్న పొట్టి హాపరు ముక్కు పట్టాల మధ్యే ఉంటుంది. రెండింటినీ కప్లర్ కలిపి పట్టుకుంటుంది కాబట్టి ఎవరో ఒకరు దిగాలి. ఎప్పుడూ దిగేది తేలికైన చిన్నవాడే. ఇళ్ళల్లోనూ అంతే కదా. అసలు రైల్వేల్లో కూడా పొడవాటి పెట్టె పక్కన పొట్టి పెట్టె కట్టేటప్పుడు వంపుల సంగతి చూసుకోవాలని నియమాలున్నాయట. కట్టేముందు నేనూ చదివి ఉండాల్సింది.

తర్వాత బరువు. నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకి 1 ఔన్సు, ఆపైన అంగుళం పొడవుకి అర ఔన్సు ఉండాలి. ఆ లెక్కన మీకు 7 ఔన్సుల పైనే కావాలి. బాక్స్‌కారయితే కడుపులో నట్లు పోసి మూత పెట్టేయొచ్చు. మీకు కడుపే లేదు, బరువు ఎక్కడ దాచను? అడుగున వరసగా 14 పెన్నీ నాణేలు అంటించాను. "చదివింపులా?" అంది మీ అత్తగారు, మెట్ల మీద నుంచి.

ఎడమకి తిరిగి వెంటనే కుడికి తిరిగే చోట మధ్యలో కనీసం మీ పొడవంత తిన్నని పట్టా ఉండాలట. 8 అడుగుల ఇంట్లో ఒక అడుగు మీకొక్కరికే రాసిచ్చాను. దాని కోసం బల్ల మీది బొమ్మ పిండిమిల్లు పీకేశాను. అయినా పడ్డారు.

ఇన్నాళ్ళూ మీ వెనక నలిగిపోయిన వాళ్ళ గురించి రెండు ముక్కలు చెప్పాలి. నా చిన్నప్పుడు డోర్నకల్ దగ్గర గేటు పడితే అందరం సైకిళ్ళు దిగి సింగరేణి బొగ్గు బండి పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం. యాభై దాటాక ఎవడో ఒకడు దగ్గేవాడు, లెక్క పోయేది. ఆ బాక్సెన్ వ్యాగన్ 10.7 మీటర్లు. మన స్కేలులో 5 అంగుళాలు కూడా ఉండదు. మీ ఒక్కరి జాగాలో అలాంటివి రెండున్నర పడతాయి. బొగ్గు, ఇనుపరాయి బరువైన సరుకు. పొట్టి పెట్టె నిండేసరికే చక్రాలు మోయగలిగినంతా అయిపోతుంది. ట్రైలర్లంటే సగం గాలి. అల్లుడుగారూ, ఏమనుకోకండి, మీ పొడుగంతా గాలి మోయడానికి వచ్చిందే.

మీ అమెరికాలోనే చూడండి. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఇనుపరాయిని ఓడల్లోకి దింపే డాకుల మీద ఇనుపరాయి పోసే గూళ్ళు 12 అడుగులకొకటి కట్టారు. రెండు గూళ్ళకి ఒకటి చొప్పున సరిపోయేలా ఓర్ కార్లను (ఇనుపరాయి పెట్టెలను) 24 అడుగులకి చేశారు. మన బల్ల మీద మూడు అంగుళాల పైచిలుకు. పోయిన వారం ఇరవై కట్టి తిప్పాను. 18 అంగుళాల వంపులో పాము పుట్టలోకి జారినట్టు జారిపోయాయి. రెండు తొట్ల బొగ్గు హాపర్లు, పొట్టి ట్యాంకర్లు, చివర నాలుగు చక్రాల గార్డు పెట్టె, ఇవన్నీ ఆ వంపులో పుట్టిపెరిగిన పిల్లల్లా తిరుగుతాయి. 40 అడుగుల బాక్స్‌కార్ అయిదున్నర అంగుళాలు, మూడు రెట్లు వేసినా పదహారున్నరే. 50 అడుగులది కూడా రెండున్నర రెట్ల లెక్కలో ఇరుక్కుని సరిపోతుంది, కాస్త ఊపిరి బిగబట్టుకుని.

అందుచేత ఇంట్లో అందరం ఆలోచించి, టీవీ పైనున్న అద్దాల షెల్ఫ్‌లో మీకు ఒక తిన్నని పట్టా ముక్క వేశాం. 14 అంగుళాలు, ఎటూ వంపు లేదు. వీపున రెండు ట్రైలర్లు కూడా పెట్టాను. వచ్చినవాళ్ళంతా మిమ్మల్నే చూస్తారు. పెన్నీలు పీకలేదు, అవి మీవే.

ఇట్లు,
మీ మామ

తా.క.: ఆదివారం ఒక పాత సామాన్ల అమ్మకంలో వెండి రంగు పాసింజర్ పెట్టె కనబడింది. కిటికీల్లో దీపాలు కూడా వెలుగుతాయి. 85 అడుగులే, మీకంటే నాలుగడుగులు తక్కువ. షెల్ఫ్‌లో కొంచెం పక్కకి జరగగలరా? మీ అత్తగారికి ఇంకా చెప్పలేదు.