పక్కవాద్య కళాకారులు విద్వాంసుడి శిష్యులు కారు

శ్రీరామనవమికి ఒంగోలులో జరిగిన గాత్ర కచేరీలో ఒక పెద్ద విద్వాంసుడు ప్రవర్తించిన తీరును "పెద్దవారు, సర్దుకుపోవాలి" అని అందరూ వదిలేయడం నాకు చాలా బాధగా ఉంది. ఆయన పాండిత్యాన్ని నేను శంకించడం లేదు. ఆ సాయంత్రం ఆయన పాడిన తోడి రాగం ఆలాపనకు చేతులెత్తి నమస్కరిస్తాను.

వేదిక మీద కూర్చున్నాక ఆయన శ్రుతిని, అంటే పాటకు ఆధారమైన స్వరస్థాయిని, ఒకటిన్నర నుంచి ఒకటికి దించారు. గొంతు సహకరించనప్పుడు దించుకోవడం గాయకుడి హక్కే. కానీ మృదంగాన్ని అర శ్రుతి మార్చాలంటే కుడి మూత అంచు చుట్టూ రాయితో, పుల్లతో తట్టుకుంటూ, అన్ని వైపులా ఒకే నాదం పలికే వరకు సరిచూడాలి. మృదంగం వాయించే కుర్రవాడు వంచిన తల ఎత్తకుండా అదే పని చేస్తుంటే, "ఇవి ఇంటి దగ్గర నేర్చుకుని రావాలి" అని ఆయన మైకులోనే అన్నారు. వేదిక మీద తనకు వినిపించే మానిటర్ స్పీకర్ శబ్దం పెంచమని తానే పట్టుబట్టి, అది తిరిగి మైకులోకి వెళ్లి కూత పెడితే సౌండ్ అబ్బాయిని కసిరారు. వయొలిన్ అమ్మాయి తన వంతు తోడి వాయిస్తుండగా మధ్యలోనే చేయి ఊపి కృతి అందుకున్నారు.

గాయకులు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచిన కచేరీ పద్ధతిలో తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒంటరిగా వినిపించే ఘట్టం, మృదంగానికి దక్కే న్యాయమైన వాటా. దానినీ ఆయన గడియారం చూపించి రెండు నిమిషాలకు కుదించారు.

పూర్వం గురువులు ఇంతకన్నా కఠినంగా ఉండేవారని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. గురువు తిట్టేది తన శిష్యుణ్ణి, తన ఇంట్లో, విద్య కోసం. ఈ పిల్లలు ఆయన దగ్గర నేర్చుకోవడానికి రాలేదు, కచేరీ చేయడానికి వచ్చారు.

1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి పురస్కారం అందుకున్న నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా పుట్టిన కరవది మాకు పక్క ఊరే కాబట్టి, విద్వాంసులను గౌరవించడం మా ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా శ్రుతి, తని సమయం ముందే మాట్లాడుకుని, వేదిక మీద మాట తూలితే విరామంలో వెళ్లి మర్యాదగానే అభ్యంతరం చెప్పవలసిన బాధ్యత నిర్వాహకులది. వచ్చే నవమికి ఆ ఇద్దరు పిల్లలనూ మళ్లీ పిలవాలని, వయొలిన్ అమ్మాయికి సొంత కచేరీ ఇవ్వాలని కమిటీకి ఉత్తరం రాస్తున్నాను.