సీబీపీ రిపోర్టులో శాతాలు చూసి హడలిపోకండి

జ్వరం వచ్చి సీబీపీ (రక్తకణాల లెక్క తేల్చే పరీక్ష) చేయిస్తే ఇప్పుడు రిపోర్టు నేరుగా వాట్సాప్‌కే వస్తోంది. డాక్టరు కంటే ముందు ఇంటిల్లిపాదీ చూసేస్తారు. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన 'లింఫోసైట్లు 50 శాతం' అన్నది నల్లగా, పెద్దగా కనిపిస్తుంది. పక్కన మామూలుగా ఉండాల్సిన రేంజ్ 20–40 అని ఉంటుంది. గూగుల్ చేస్తే బ్లడ్ క్యాన్సర్ అనే మాట ఎదురవుతుంది. ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

డెంగీలో తరచుగా కనిపించేలాంటి రిపోర్టే తీసుకుందాం. తెల్ల రక్తకణాలు మొత్తం 3,000. పెద్దవాళ్లకు మామూలుగా 4,000 నుంచి 11,000 ఉండాలి. అందులో న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం కణాలు 42 శాతం, లింఫోసైట్లు 50 శాతం. ఇప్పుడు మొత్తాన్ని ఆ శాతాలతో గుణించండి. లింఫోసైట్లు 1,500, అంటే నిక్షేపంగా ఉన్నట్టే. న్యూట్రోఫిల్స్ 1,260. కనీసం 1,500 ఉండాల్సినవి తగ్గాయి. కానీ 42 శాతం అనేది 40–80 మధ్యలోనే ఉంది కాబట్టి దాని పక్కన ఏ గుర్తూ పడదు! పెరగనిదాన్ని చూసి ఏడుస్తాం, తగ్గినదాన్ని వదిలేస్తాం.

నా కోపమంతా శాతాలు మాత్రమే ముద్రించే ల్యాబుల మీద. మొత్తం సంఖ్య, శాతం రెండూ చేతిలో ఉన్నప్పుడు ఒక్క గుణకారం చేసి 'అబ్సొల్యూట్ కౌంట్' అని ఇంకో వరుస వేయడానికి ఏం కష్టం? డబ్బులిచ్చి చేయించుకునే పరీక్ష ఇది. అడగండి, తప్పులేదు. చిన్నపిల్లల రిపోర్టు మీద పెద్దవాళ్ల రేంజే వేసి ఇస్తే అది కూడా నిలదీయండి. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు లింఫోసైట్లు ఎక్కువ ఉండటమే సహజం.

ఇంకోటి. తెల్ల రక్తకణాల టోటల్ కౌంట్ 12,500 ఉందని మందుల షాపుకెళ్లి, "ఇన్‌ఫెక్షన్ ఉందంట, ఏదైనా యాంటీబయాటిక్ ఇవ్వండి" అనడం దయచేసి మానండి. స్టెరాయిడ్ మాత్రలు వాడినా, గర్భంతో ఉన్నా, సిగరెట్ తాగినా ఆ కౌంట్ పెరుగుతుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా జబ్బే అయినా అందులో కౌంట్ మామూలుగానో, తక్కువగానో ఉండొచ్చు. ఒక్క అంకె చూసి మందు మింగే పని కాదిది.

నిజంగా పరుగెత్తాల్సిన సందర్భాలూ ఉన్నాయి. రిపోర్టులో 'బ్లాస్ట్ సెల్స్' (ఇంకా ఎదగని రక్తకణాలు) అని రాసి ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లలో న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గి జ్వరం వచ్చిందంటే ప్రాణాపాయం. వాళ్లకు ఒళ్లు వెచ్చబడితే రిపోర్టు కోసం కూడా ఆగకుండా, అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి.