తళుకు పూసే తొట్టె

బైకు హ్యాండిల్‌కూ, వంటింటి కుళాయికీ ఉన్న క్రోమియం పూత తళతళలో విషం లేదు. అది ఉండేది ఆ పూత పూసే తొట్టెలో. క్రోమిక్ ఆమ్లం కలిపిన ముదురెరుపు ద్రావణంలోకి పంపిన కరెంటులో సాధారణంగా ఐదో వంతుకు మించి పూతకు పనికిరాదు. మిగిలినదాని వల్ల పుట్టే వాయు బుడగలు పైకి లేచి, పగిలి, హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియం విషపూరిత రూపం) తుంపరను తొట్టె దగ్గర నిలబడ్డవాడి ముఖం మీదికి చిమ్ముతాయి. ఏళ్ల తరబడి దాన్ని పీల్చినవారికి ముక్కు లోపలి గోడకు చిల్లు పడటం ఈ పనిలో ఎప్పటినుంచో ఎరిగిన జబ్బే. హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది.

మన ఈ-వ్యర్థాల నిబంధనలు ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ఈ క్రోమియం 0.1 శాతం మించరాదంటాయి. కానీ పూతగా మారాక అది వట్టి లోహమే కనుక, తొట్టె ఎంత ప్రమాదకరమైనదైనా సరుకు పరీక్షలో నెగ్గుతుంది. కాలిఫోర్నియా 2023లో నేరుగా తొట్టె మీదే దృష్టి పెట్టి, అలంకరణ పూతలకు 2027, యంత్రభాగాలపై వేసే గట్టి పూతలకు 2039 గడువు విధించింది. ఈ తేడా సబబైనదే. అలంకరణకు అంత విషం కాని ట్రైవాలెంట్ క్రోమియం ఇప్పటికే అందుబాటులో ఉంది. రంగు కాస్త మారుతుంది, తొట్టెలో మలినాలు చేరకుండా ఎక్కువ జాగ్రత్త కావాలి, అంతే. విమాన చక్రాల కాళ్లకు టంగ్‌స్టన్ కార్బైడ్ తుంపర పూత వాడుకలోకి వచ్చినా, ప్రతి యంత్రభాగానికీ అంత ఖర్చు పెట్టలేం.

హైదరాబాద్‌లోని బాలానగర్ వంటి పారిశ్రామికవాడల్లో జాబ్‌వర్క్ (ఇతర కంపెనీల భాగాలకు కూలికి పూత వేయడం) చేసే చిన్న ప్లేటింగ్ షాపు యజమానిని దోషిగా నిలబెట్టడం తేలిక. అయితే ఏ పూత వేయాలో నిర్ణయించేది ఆయన కాదు, డ్రాయింగ్ ఇచ్చిన కంపెనీ. జింకు పూసిన బోల్టు పసుపుగా మెరిస్తేనే తుప్పు పట్టదన్న నమ్మకం కొనుగోలు విభాగాల్లో ఇంకా పోలేదు. ఆ పసుపు చాలావరకు జింకు మీది రక్షణ పొరలో ఉండే హెక్సావాలెంట్ క్రోమియందే. ఆర్టీసీలు, విద్యుత్ పంపిణీ సంస్థలు తమ టెండర్లలో ట్రైవాలెంట్ పాసివేషన్ (అదే పొరను ట్రైవాలెంట్ క్రోమియంతో వేయడం) అడిగితే షాపులు వాటంతట అవే మారతాయి. మార్పు ఖర్చుకు చిన్న పరిశ్రమల రాయితీలను వర్తింపజేయాలి.

షాపులు మారేటప్పుడు తొట్టెల నుంచి ఖాళీ చేసే పాత ద్రావణం లెక్క కూడా కాలుష్య నియంత్రణ మండళ్లు మొదటి రోజు నుంచే రాయాలి. తమిళనాడులోని రాణిపేటలో 1995లో మూతపడిన క్రోమేట్ కర్మాగారం ఆవరణలో లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం గుట్టగా మిగిలి, భూగర్భజలాల్లోకి ఇంకింది.