తులం సీసం, తగిన వేగం

పాత లెక్కలో తులం అంటే 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. బంగారం కొట్లో ఇప్పుడు పది గ్రాములనే తులం అంటున్నారు గానీ, అమెరికాలో జింకల వేటకు వెళ్లేవాళ్ల దగ్గర ఆ పాత తులం ఇంకా చెక్కుచెదరలేదు. 1906 నుంచి నడుస్తున్న .30-06 రైఫిల్‌కు తరతరాలుగా ఎంచుకుంటున్న బుల్లెట్ బరువు సరిగ్గా అంతే. మొద్దు ముక్కు, కొసన కాస్త బయటికి కనిపించే సీసం, మిగతా ఒళ్లంతా రాగి తొడుగు. పాత సామాన్ల అమ్మకాల్లో దుమ్ము పట్టిన అట్టపెట్టెల్లో ఇప్పటికీ దొరుకుతుంది. దాన్ని చూడగానే కుర్రకారు ‘ఇది ఈ కాలానికి పనికిరాదు’ అని పక్కన పడేస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆ బుల్లెట్ చేసిన పాపం ఏమీ లేదు. దాన్ని ఎంత వేగంతో తోలాలో మనమే మర్చిపోయాం.

2020 తర్వాత అమెరికాలో తూటాలకు, ప్రైమర్లకు (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలు) వచ్చిన కరువు గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బతోనే చాలామంది తమ తూటాలు తామే నింపుకోవడం మొదలుపెట్టారు. అక్కడ స్థిరపడి వేట నేర్చుకున్న మన తెలుగువాళ్లకూ ఇది కొత్త కాదు. (హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.) పని పెద్దదేమీ కాదు. వాడేసిన ఇత్తడి కేసును డైలో పెట్టి సైజుకు తెచ్చి, కొత్త ప్రైమర్ బిగించి, తుపాకీ మందు తూచి పోసి, పైన బుల్లెట్ కూర్చోబెట్టాలి. అయితే ఏ బుల్లెట్ పెట్టాలి, దాని వెనక ఎంత మందు పోయాలి అన్న నిర్ణయం ఇక్కడే కంపెనీ చేతిలోంచి వేటగాడి చేతికొస్తుంది. నా గొడవంతా ఆ నిర్ణయం గురించే.

ఆరేళ్ల కిందట, నవంబరు ఆఖర్లో పెన్సిల్వేనియా అడవిలో ఒక ఆడ జింక నాకు నలభై గజాల దూరంలోకి వచ్చింది. నా చేతిలో .300 మాగ్నమ్, అంటే మామూలు వాటికంటే ఎక్కువ మందు పట్టి ఎక్కువ వేగాన్నిచ్చే రైఫిల్. అందులో 150 గ్రెయిన్ల తేలిక బుల్లెట్, సెకనుకు 3,200 అడుగులకు పైనే వేగం. గురి తప్పలేదు. భుజం మీదే తగిలింది. అయినా జింక లేచి పరుగెత్తింది. టార్చి వెలుగులో రెండున్నర గంటలు నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ వెళ్లాను. దొరికేసరికి అది ఇంకా ఊపిరి తీస్తోంది. కోసి చూస్తే భుజం ఎముక మీదే బుల్లెట్ చితికిపోయింది. పైన చేయి పట్టేంత గాయం ఉంది, లోపల ఊపిరితిత్తి దాకా చేరింది మాత్రం చిన్న పెంకులు. ఒక భుజం మాంసమంతా నెత్తురు గడ్డకట్టి పారేయాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రెండున్నర గంటలు ఆ జీవి పడిన బాధకు కారణం నేను ఎంచుకున్న వేగమే.

సాఫ్ట్ పాయింట్ బుల్లెట్, అంటే కొసన సీసం బయటికి కనిపించే బుల్లెట్, ఎలా పనిచేస్తుందో చూస్తే సంగతి తెలుస్తుంది. జంతువు ఒంట్లోకి దిగగానే ఎదురయ్యే తడి కండ ఒత్తిడికి ముందున్న సీసం వెనక్కి ముడుచుకుని పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అలా విచ్చుకున్నది గుండె, ఊపిరితిత్తుల దాకా చీల్చుకుంటూ పోవాలి. వేగం మరీ తక్కువైతే అది విచ్చుకోదు, సూదిలా దూరి అవతలికి పోతుంది. మరీ ఎక్కువైతే తొడుగు చిరిగి, సీసం తునకలై, సగం దారిలోనే ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న వేగంలోనే బుల్లెట్ తన పని చేస్తుంది. మామూలు సాఫ్ట్ పాయింట్లకు కింది హద్దు సెకనుకు 1,800 అడుగులకు అటూఇటూ ఉంటుంది. పై హద్దు ఆ బుల్లెట్‌ను ఏ కాలపు రైఫిల్ కోసం చేశారన్న దాన్ని బట్టి మారుతుంది. 1939లో రెమింగ్టన్ కంపెనీ తెచ్చిన కోర్-లాక్ట్ అనే సాఫ్ట్ పాయింట్ బుల్లెట్ .30-06, .30-30 లాంటి రైఫిళ్ల వేగాలు నడిచిన కాలంలో పుట్టింది. .30-30లో 170 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగంతో బయటికొస్తుంది. ఆ నెమ్మది తూటా 1895 నుంచి అమెరికా అడవుల్లో లెక్కలేనన్ని జింకల్ని పడగొట్టింది.

1940ల్లో రాయ్ వెదర్‌బీ అనే అమెరికా తుపాకుల తయారీదారు మాగ్నమ్‌లతో వేగానికి గిరాకీ తెచ్చాడు. ఆ తర్వాత పెట్టె మీద రాసిన అంకెను చూసి తూటా కొనే అలవాటు మొదలైంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుందన్న లెక్క కాగితం మీద నిజమే. కానీ జింకను పడగొట్టేది ఆ అంకె కాదు, గుండె దాకా దిగిన రంధ్రం. బుల్లెట్ భుజం దగ్గరే పగిలిపోతే ఆ శక్తంతా మాంసాన్ని పాడుచేయడానికే సరిపోతుంది.

జాన్ నోస్లర్ అనే అమెరికా వేటగాడి కథను నాకు ఎదురు చెప్పేవాళ్లు తరచూ ఎత్తుతారు. 1946లో ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్‌ను (జింక జాతిలో అతి పెద్దది) కాల్చాడు. బురదలో పొర్లి ఒంటి మీద మట్టి అట్టలు కట్టిన జంతువు అది. .300 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్‌లోంచి వెళ్లిన బుల్లెట్లు లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెట్ చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి పోతుంది. అదే 1948లో పార్టిషన్ పేరుతో మార్కెట్‌కొచ్చింది. ‘చూశారా, పాత బుల్లెట్ విఫలమైంది’ అంటారు. నేను ఆ కథను ఇంకోలా చదువుతాను. విఫలమైంది నెమ్మది వేగానికి చేసిన బుల్లెట్‌ను మాగ్నమ్ వేగంతో తోలడం. దానికి నోస్లర్ బుల్లెట్‌ను గట్టిపరిచాడు. గొప్ప పనే. వేగం తగ్గించడం ఇంకో దారి. తన తూటా తాను నింపుకునేవాడికి అది పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

అందుకోసం సొంత ప్రయోగాలేమీ అక్కర్లేదు. బుల్లెట్ కంపెనీలు, మందు కంపెనీలు అచ్చువేసే లోడింగ్ పుస్తకాల్లో ప్రతి మందుకూ ఒక ఆరంభ కొలత, ఒక గరిష్ఠ కొలత ఉంటాయి. .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌కు ఆరంభ కొలతలు చాలావరకు 2,500 అడుగుల దగ్గరే వేగాన్నిస్తాయి. అక్కడే ఆగిపోండి. అందరూ ఆరంభాన్ని మొదటి మెట్టనుకుని గరిష్ఠం దాకా ఎక్కుతారు. జింకకు ఆ మొదటి మెట్టే సరిపోతుంది. ఆ వేగంలోనూ 180 గ్రెయిన్ల బుల్లెట్‌కు సుమారు 2,500 ఫుట్-పౌండ్ల శక్తి ఉంటుంది. భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది, ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకుపోయే టెన్షన్ తగ్గుతుంది, గురి బాగుపడుతుంది. మాంసం కూడా పాడవదు. నెమ్మది బుల్లెట్‌తో వేటాడేవాళ్లు రంధ్రం అంచు దాకా మాంసం చెడకుండా ఉంటుందంటారు. నేను చూశాను, నిజం. వంద, నూటయాభై గజాల లోపు అడవి వేటకు ఇంతకంటే కావాల్సిందేమీ లేదు. నాలుగు వందల గజాల అవతల నిలబడ్డ జంతువును కాల్చాలనుకునేవాడికి మొద్దుముక్కు బుల్లెట్ పనికిరాదు. అతను ముందు అంత దూరం నుంచి ఎందుకు కాలుస్తున్నాడో ఆలోచించుకోవాలి.

పాత పెట్టె కొనేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. పొడిచోట ఉంచిన సీసం, రాగి దశాబ్దాలైనా చెడవు. మందు అలా కాదు. ఘాటైన పులిసిన వాసన వచ్చినా, ఎర్రటి పొగ కనిపించినా ఆ మందును వాడకండి. పేరు చీటీ లేని డబ్బా ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. పాత పుస్తకంలోని కొలతల్ని ఇప్పటి మందుకు వాడొద్దు. బరువు ఒకటే కదా అని ఒక బుల్లెట్ కొలతను ఇంకోదానికి మార్చొద్దు. సీసం కంటే రాగి తేలిక, కాబట్టి అంతే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉండి కేసులో ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆరంభ కొలత కంటే కిందికీ దిగొద్దు. కొన్ని నెమ్మదిగా కాలే మందులు మరీ తక్కువ పోస్తే ప్రమాదకరం.

ఈ నెమ్మది లెక్క నా సొంత కల్పన కాదు. స్వీడన్‌లో 6.5 ఎంఎం మౌజర్‌లో 156 గ్రెయిన్ల పొడవాటి మొద్దుముక్కు బుల్లెట్‌ను సుమారు 2,500 అడుగుల వేగంతో వాడి, గుర్రమంత ఎత్తుండే మూస్‌లను వందేళ్లుగా వేటాడుతున్నారు. మన దేశంలో చూస్తే, 1926లో రుద్రప్రయాగ్ నరభక్షక చిరుతను జిమ్ కార్బెట్ పడగొట్టింది .275 రిగ్బీతో. ఇప్పటి మాగ్నమ్‌ల ముందు అది నెమ్మది తుపాకీ.

సీసం విషం కదా అనేవాళ్ల మాటలో నిజం ఉంది. 1982 నాటికి 22 మాత్రమే మిగిలిన కాలిఫోర్నియా కాండోర్ రాబందుల్ని ఇప్పటికీ ఎక్కువగా చంపుతున్నది వేటగాళ్లు వదిలిన పేగుల్లోని సీసపు తునకలే. అందుకే కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా ఆపేసింది, డెన్మార్క్ 2024లో రైఫిల్ తూటాల్లోనూ నిషేధించింది. అలాంటి చోట్ల రాగి బుల్లెటే వాడాలి, ఇందులో వాదనే లేదు. మిగతా చోట్ల పేగుల్ని అక్కడే వదలకుండా లోతుగా పూడ్చాలి, గాయం చుట్టూ మాంసాన్ని ధారాళంగా కోసి తీసేయాలి. ఇంకో సంగతి, సీసం తునకలు ఎక్కువగా రాలేది వేగం ఎక్కువైనప్పుడే.

ఇదంతా ఎక్కడో అమెరికా వేటగాళ్ల గోల అనుకోకండి. విచ్చుకునే బుల్లెట్‌కు ప్రపంచమంతా వాడిన పేరు మన దేశంలో పుట్టింది. 1890ల్లో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో బ్రిటిష్ సైన్యం కోసం అలాంటి బుల్లెట్ తయారైంది. 1899 హేగ్ ప్రకటన దాన్ని యుద్ధంలో నిషేధించింది. మనిషికి అనవసరమైన బాధ పెడుతుందన్నది కారణం. అదే బుల్లెట్‌ను జింక మీద వాడి తీరాలని స్కాట్‌లాండ్ 1985లో ఉత్తర్వు ఇచ్చింది. బుల్లెట్ విచ్చుకునేదై ఉండాలి, పెద్ద జింకలకు కనీసం 100 గ్రెయిన్లు, 2,450 అడుగుల వేగం, 1,750 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి అని అంకెలతో సహా రాసింది. విచ్చుకోని బుల్లెట్ జంతువును గాయపరిచి వదిలేస్తుందన్నది అక్కడ కారణం. రెండు చట్టాలూ ఎదురెదురుగా కనిపిస్తాయి గానీ, రెండూ అడిగిన ప్రశ్న ఒకటే: బాధ ఎంతసేపు?

మన చట్టం ఆ ప్రశ్న అడగలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది, మంచి పని చేసింది. కానీ చావు ఆగలేదు. అడవిపందుల కోసం పొలం చుట్టూ వేసిన కరెంటు తీగకు దుప్పి పడుతోంది, పులి పడుతోంది, తెల్లారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతూ పడుతున్నాడు. ఉచ్చులో కాలు ఇరుక్కున్న జంతువు రోజుల తరబడి గింజుకుంటుంది. 2020 మేలో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు, నోట్లో పేలిన నాటు బాంబు గాయంతో నదిలో నిలబడి చనిపోయిన దృశ్యం చూసి దేశమంతా ఏడ్చింది. పంట పోగొట్టుకున్న రైతు కోపం నాకు అర్థమవుతుంది. తప్పని పరిస్థితిలో చంపక తప్పదనుకుంటే, ఆ చావు నిమిషంలో ముగిసేలా చూసే బాధ్యత ప్రభుత్వానిది.

తెలంగాణలో అడవిపందిని కాల్చడానికి షరతులతో అనుమతులు ఇస్తున్నారు. ఆ అనుమతి కాగితంలో ఎవరు కాల్చాలి, ఎక్కడ కాల్చాలి అన్నవాటి పక్కనే మరో నాలుగు షరతులు చేర్చాలని నేను అడుగుతున్నాను. విచ్చుకునే బుల్లెట్ తప్పనిసరి. దానికి కనీస బరువు, వేగం అంకెల్లో రాయాలి. ఇంత దూరం దాటి కాల్చకూడదని హద్దు పెట్టాలి. గాయపడి పారిపోయిన పందిని వెతికి పట్టుకునే దాకా కాల్చినవాడు అడవి వదిలి వెళ్లకూడదు.