24వ వంతు ఓర్పు

1991 జూన్ 22, 23 తేదీల్లో ఫ్రాన్సులోని ల మాన్‌లో మాజ్డా 787బి అనే కారు 24 గంటలపాటు పరుగెత్తి, 362 చుట్లు పూర్తిచేసి గెలిచిన సంగతిని మోటారు ప్రియులు నేటికీ ఓర్పుకు పరాకాష్ఠగా చెప్పుకుంటారు. అదే కారుకు టమియా అనే కంపెనీ చేసిన, ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ నమూనా కిట్టును 2012లో కొని, ఈనాటికీ దాని నాలుగు చక్రాలను నేలకు ఆనించలేకపోయిన నేను ఆ అభిప్రాయంతో విభేదించవలసి వస్తున్నందుకు చింతిస్తున్నాను.

లెక్క ప్రకారమే మాట్లాడుకుందాం. కిట్టు కొలత అసలు కారులో 24వ వంతు, పందెం 24 గంటలు. కాబట్టి నాకు ఒక్క గంట చాలునని మా ఆవిడ వాదన. బరువూ ఇంధనమూ అయితే ఘనపరిమాణాన్ని బట్టి 13,824 రెట్లు తగ్గుతాయి గనుక 830 కిలోల బండి నా బల్ల మీద 60 గ్రాములు తూగాలి. ఆ యేడు పందెం మొత్తానికి ఆ తరగతి కార్లు ఒక్కోటి 2,550 లీటర్లకు మించి పెట్రోలు వాడకూడదనే నిబంధన ఉండేది. ఆ దామాషాన నా వాటా సుమారు 184 మిల్లీలీటర్లు. నేను వాడిన థిన్నరు ఇప్పటికే లీటరు దాటింది కనుక, నిర్వాహకులు నన్ను రెండో వానాకాలంలోనే ఇంటికి పంపేసి ఉండేవారు. (వానాకాలంలో రంగు వేస్తే తేమకు తెల్లబారుతుందని తెలిసింది కూడా ఆ యేడే.)

పైగా ఆ బండికి దక్కిన రాయితీలు చూడండి. పిస్టన్లే లేని, వాటికి బదులు గిర్రున తిరిగే రోటర్లు నాలుగున్న ఇంజిను గనుక 830 కిలోలతో పరుగెత్తనిచ్చారు; మెర్సిడెస్, జాగ్వార్లు 1,000 కిలోలు మోసుకు తిరిగాయి. ముందున్న మెర్సిడెస్ చివరి గంటల్లో వేడెక్కి ఆగిపోయింది. తోలడానికి హెర్బర్ట్, వైడ్లర్, గాషో అని ముగ్గురున్నారు. నాకు ఒక్క కిలో రాయితీ ఇచ్చినవారు లేరు, వంతుకు కూర్చునేవారూ లేరు.

ఒక్క సంఘటన మనవి చేస్తాను. పెసరగింజంత సైడు అద్దాన్ని పట్టకారుతో ఎత్తగానే అది టిక్కుమని ఎగిరి, ఎక్కడ పడిందో చప్పుడైనా చేయలేదు. టార్చి వేసుకుని మంచం కింద పాకాను, గది ఊడ్చిన చెత్తను చేటలో పోసుకుని బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాను. రెండు పిన్నీసులూ, మా ఆవిడ మూడేళ్లుగా వెతుకుతున్న చెవిదుద్దు శీలా దొరికాయి. ఇంట్లో రెండు రోజులు శాంతి నెలకొంది. అద్దం మాత్రం దొరకలేదు.

అందుచేత మోటారు పందేల పెద్దలకు నా విన్నపం ఏమనగా, కిట్టు కట్టడాన్ని కూడా ఓర్పు పందెంగా గుర్తించి, ఆ కారు మీది నారింజ రంగుకూ ఆకుపచ్చకూ నడుమ టేపు అంటించి, ఆ టేపు కిందికి రంగు పాకకుండా చూడడాన్ని రాత్రివేళ తోలడంతో సమానంగా పరిగణించాలి. చివరి వంతులో నీరసించి, దిగీ దిగగానే కూలబడిన హెర్బర్టును వైద్యులు చూసుకున్నారు. మూడు గంటలు మంచినీళ్లు ముట్టకుండా డెకాల్ అనే పల్చటి స్టిక్కరు అంటించి లేచిన నన్ను మాత్రం ఎవరైనా పలకరించారంటే, అది అన్నం చల్లారిపోతోందని చెప్పడానికే.

హెర్బర్ట్ ఆనాడు విజేతల వేదిక ఎక్కలేకపోయాడు. 2011లో మాజ్డావారు ఆ బండిని మళ్లీ సిద్ధంచేసి ల మాన్‌కు తీసుకొస్తే, దాన్ని తోలి, 20 ఏళ్ల తర్వాత అక్కడి వేదిక ఎక్కాడు. ఆలస్యమైందని ఎవరూ వేలెత్తి చూపలేదు సరికదా, చప్పట్లు కొట్టారు. ఈ పూర్వోదాహరణను అనుసరించి నా కిట్టుకు 2032 దాకా గడువు ఉన్నట్టే. లెక్కంతా కాగితం మీద వేసి మా ఆవిడకు చూపించాను. ఆవిడ అంతా శ్రద్ధగా చదివి, అద్దం దొరికిందా అని అడిగింది.