బొందు, పిన్నీసు, ఓవర్‌డ్రైవ్

"ఏమండీ, ఆ గేరు గుబ్బని ఎందుకలా నొక్కి పట్టుకుని కూచున్నారు? పారిపోతుందా?" అని మోటార్‌వే మీద మా ఆవిడ అడిగింది.

గుబ్బ ఎక్కడికీ పోదు. పారిపోయేది ఓవర్‌డ్రైవ్, అంటే నాలుగు గేర్ల పైన ఓ అదనపు గేరులాంటిది. గుబ్బ నెత్తిన ఓ బుల్లి స్విచ్ ఉంటుంది. దాన్ని బొటనవేలితో ఎడంవైపుకి కాస్త వాలుగా, నాడి పట్టి చూసినంత మెల్లగా నొక్కి ఉంచితే ఓవర్‌డ్రైవ్ ఉంటుంది. తుమ్ము వస్తే పోతుంది. రెండు నెలలుగా నేను తుమ్ములు ఆపుకుంటూ కారు నడుపుతున్నాను.

కారు గురించి కాస్త చెప్పాలి. మేం ఇంగ్లండులో, రెడింగ్‌లో ఉంటాం. నా దగ్గరున్నది 1978 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నాలుగు గేర్లు. మా ఇంటికి పాతిక మైళ్ళ దూరంలో ఉన్న అబింగ్డన్‌లో పుట్టింది. 1962 నుంచి 1980 దాకా ఈ రకం కార్లు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అందుచేత ఎంత విసిగించినా దీన్ని పుట్టింటికి పంపేస్తానని బెదిరించడానికి కూడా వీల్లేదు.

ఇంట్లో దీన్ని ఒప్పించింది ఒకే ఒక్క వాదనతో. ఈ దేశంలో నలభై ఏళ్ళు దాటిన బండికి రోడ్డు టాక్సు లేదు, ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్షా లేదు. ఆ మిగిలిన డబ్బూ, దానికి పదింతలూ విడిభాగాలకి పోతోందన్న సంగతి మా ఆవిడకి తెలీదు. మీరూ చెప్పకండి.

ఓవర్‌డ్రైవ్ పోయిందని ఫోన్లో అమ్మతో అంటే, "ఓవర్‌గా డ్రైవ్ చెయ్యడం ఎందుకురా? అందరిలా మామూలుగా నడుపు," అంది. తప్పు అమ్మది కాదు, ఆ పేరుది. పేరులో ఓవర్ ఉన్నా, అది చేసేదంతా ఓవరాక్షన్‌కి విరుగుడు. గేర్‌బాక్స్ వెనకాల తగిలించిన ఇంకో చిన్న పెట్టె అది. ఎడ్గార్ డి నార్మన్‌విల్ అనే ఆయన కనిపెట్టాడు, షెఫీల్డ్‌లోని లేకాక్ వాళ్ళు తయారుచేశారు. స్విచ్ వేస్తే సోలనాయిడ్‌కి, అంటే కరెంటు తగిలితే అయస్కాంతమయ్యే తీగచుట్టకి, కరెంటు వెళ్ళి టక్కుమంటుంది. నూనె ఒత్తిడికి లోపలి కోన్ క్లచ్ జరుగుతుంది. అంతే, క్లచ్ పెడల్ తొక్కకుండానే అయిదో గేరులాంటిది వచ్చి పడుతుంది. నాలుగో గేరులో గంటకు 70 మైళ్ళు పోవాలంటే ఇంజన్ నిమిషానికి దాదాపు 3,900 చుట్లు తిరగాలి. ఓవర్‌డ్రైవ్ వేస్తే 3,200 చాలు. అడుగులు తగ్గించి అంగలు పెంచడమన్నమాట. చెవులకి, పెట్రోలుకి, కాపురానికి కూడా మంచిది.

ఇంత పెద్ద యంత్రాంగమూ నడిచేది, మన ఇళ్ళలో బెడ్‌లైటుకి ఉండే స్విచ్ కన్నా చిన్నదైన ఓ ప్లాస్టిక్ ముక్క మీద. నలభై ఏళ్ళకి పైగా ఎన్ని బొటనవేళ్ళు దాన్ని అటూ ఇటూ జరిపాయో! లోపలి రాగి రేకులు అరిగిపోయాయి. పాపం, దానికీ రిటైరయ్యే వయసే.

కొత్త స్విచ్ పోస్టులో వచ్చింది. ఇరవై చిల్లర పౌండ్లు. ఆ సమయానికి మా అత్తగారు రాజమండ్రి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చి ఉన్నారు. కవరు విప్పుతుంటే చూసి, "ఎంత బాబూ?" అన్నారు. చెప్పాను. ఆవిడ మనసులో రూపాయల్లోకి మార్చుకున్నట్టున్నారు, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ డబ్బుకి మా ఇంటికి మొత్తం కొత్త స్విచ్చులు వేయించొచ్చు," అన్నారు, ఎవరినీ ఏమీ అననట్టుగా.

శనివారం ఎండ కాసింది. రెడింగ్‌లో ఎండ కాయడం ఎంత అపురూపమో, ఆ విషయం మా అత్తగారికి కూడా అంత బాగా అర్థమైంది. నేను స్క్రూడ్రైవర్ వెతుక్కుని బయటికి వచ్చేసరికి, కారు బానెట్ మీద పాత పంచె పరిచి మినప వడియాలు పెట్టేశారు.

"అత్తయ్యగారూ, అది..."

"బండి ఎలాగూ కదలట్లేదు కదా బాబూ. రేకు బాగా కాగింది, సాయంత్రానికి ఎండిపోతాయి."

కాదనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. బానెట్ ఎత్తే పని కాదిది. కూచుని గుబ్బ మూత కిందకి స్క్రూడ్రైవర్ మొన దూర్చి చిన్నగా ఎత్తాను. రాలేదు. ఇంకొంచెం బలంగా ఎత్తాను. టప్పుమని ఎగిరింది. టాపు తీసి ఉంది కాబట్టి అద్దం మీదుగా ఎగిరి ఎటో పోయింది. సీట్ల కింద వెతికాను, గడ్డిలో వెతికాను, పక్కింటి గులాబీ మొక్కల్లో కూడా వెతికాను. చివరికి వడియాలు తిరగేస్తున్న మా అత్తగారు, "ఇదేంటి, ఒకటి నల్లగా మాడిందీ!" అని పైకెత్తి చూపించారు. ఇంగువ వాసన ఆ మూతకి ఇప్పటికీ పోలేదు.

మూత కింద స్విచ్. దానికి రెండు తీగలు. ఏది ఎటు తగిలించినా ఫరవాలేదు, మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చే. ఆ తీగలు బోలుగా ఉన్న గేరు రాడ్డులోంచి కిందకి దిగి, రబ్బరు తొడుగు కింద పక్కకున్న చిన్న కన్నంలోంచి బయటికొచ్చి, అక్కడి వైరింగుతో కలుస్తాయి. నేను కింద తీగల్ని కత్తిరించాను. పైనుంచి స్విచ్ పట్టుకుని లాగాను. సర్రున, వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు, రెండు తీగలూ తోకతో సహా చేతిలోకి వచ్చేశాయి. ఇంత సుళువా అని ఆశ్చర్యపోయి, గర్వంగా ఓ టీ కూడా తాగాను.

వర్క్‌షాప్ మాన్యువల్స్ రాసేవాళ్ళకి ఓ అలవాటుంది. విప్పడం గురించి ఓ పేజీ రాస్తారు, బిగించడం గురించి ఒక్క ముక్క: విప్పినట్టే, వెనక నుంచి ముందుకి చెయ్యండి. పప్పు రుబ్బడం ఎలాగో నేర్పి, మళ్ళీ మినుములు చెయ్యాలంటే అదే రివర్సులో అన్నట్టు.

కొత్త తీగల్ని పైనుంచి దూర్చాను. రెండంగుళాలు దిగి ఆగాయి. నెట్టాను. లోపలెక్కడో ఉడికిన సేమ్యాలా ముద్దకట్టాయి. తీసి, సాగదీసి, మళ్ళీ దూర్చాను. ఈసారి అడుగుదాకా పోయాయి గానీ పక్క కన్నంలోకి తిరగవు. తీగ నేరుగా పోతుంది, కన్నం పక్కకుంది. సబ్బు రాశాను. కొబ్బరినూనె రాశాను. గేరు రాడ్డుకి ఇక తలంటు ఒక్కటే తక్కువ. రెండు గంటలు గడిచాయి. తల సీటు కింద, కాళ్ళు తలుపు బయట. మా అబ్బాయి వచ్చి నా చెప్పులు సర్ది, "నాన్నా, నువ్వు లోపలున్నావా?" అని అడిగి వెళ్ళాడు.

వడియాల మీద కాకులు వాలకుండా కుర్చీ వేసుకుని కాపలా కూచున్న మా అత్తగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. నాతో ఏమీ అనలేదు. మా ఆవిడని పిలిచి, నాకు వినపడేంత గొంతుతో, "మీ ఆయనకి చెప్పవే, పాత బొందు లాగే ముందు దాని కొసకి కొత్త బొందు కట్టుకోవాలని," అన్నారు. అల్లుడి ముందు ఏ బట్ట బొందో చెప్పడానికి మొహమాటపడి, వెంటనే, "పైజమా బొందు," అని కూడా చేర్చారు.

సీటు కింద ఉన్న నాకు ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. పాత తీగల కొసకి కొత్తవి ముడేసి లాగి ఉంటే, పాతవి పైకి వస్తూ వస్తూ... కాదు, కొత్తవి పైనుంచి దిగాలి కాబట్టి... ఏదైతేనేం, కనీసం ఓ దారమైనా కట్టి లాగి ఉంటే ఆ దారం లోపలే ఉండేది. ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివాను. బొందు సంగతి ఏ సెమిస్టర్‌లోనూ రాలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి అత్తయ్యగారూ?" అన్నాను సీటు కిందనుంచే.

"బొందు లోపలికి పోయినప్పుడు ఏం చేస్తాం? పిన్నీసు."

ఆవిడ గాజులకి ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుంటాయి. వాటిలో బాగా చిన్నది తీసి, పూర్తిగా విప్పి, పళ్ళతో నొక్కి తిన్నగా సాగదీశారు. దాని చుట్టకి పూలు కట్టే దారం కట్టి రాడ్డులోకి వదిలారు. బరువుకి అది తిన్నగా దిగిపోయింది. రెండో పిన్నీసుని కొక్కెంలా వంచి నా చేతికిచ్చి, "పక్క కన్నంలోంచి దారం పట్టండి," అన్నారు. మూడో ప్రయత్నానికి దారం దొరికింది. పైన దాని కొసకి రెండు తీగలూ కట్టారు. నేను కిందనుంచి లాగాను. రెండు గంటలపాటు నన్ను ఏడిపించిన తీగలు అరనిమిషంలో, తలవంచుకుని వచ్చే పెళ్ళికూతురిలా, కన్నంలోంచి బయటికొచ్చాయి. రాడ్డు అటూ ఇటూ ఆడేచోట తీగలు రాసుకోకుండా అదే దారంతో ఓ చుట్టు చుట్టి ముడి కూడా వేశారు.

కింద అతుకులు వేసి, తాళం తిప్పి, మూడో గేరులో పెట్టి స్విచ్ జరిపాను. సోలనాయిడ్ టక్కుమనాలి. అనలేదు. మళ్ళీ జరిపాను. నిశ్శబ్దం. కడుపులో టెన్షన్ మొదలైంది. గేర్‌బాక్స్ మీద ఇంకో కాపలా స్విచ్ ఉంటుంది, కింది గేర్లలో ఓవర్‌డ్రైవ్ పడకుండా చూడ్డానికి. పోయింది అదే అయితే గేర్‌బాక్స్ వెనకభాగం కిందకి దించాలి. అది ఒక శనివారంతో అయ్యే పని కాదు. సగం కారు విప్పి పెడితే మా అత్తగారు దాని మీద ఇంకేం ఆరబెడతారో!

"ఆ కర్రని ఊరికే అటూ ఇటూ తిప్పకండి బాబూ, ముడి ఊడుతుంది," అన్నారు ఆవిడ. నేను దిగులుగా ఆ కర్రని వెనక్కి లాగాను. నాలుగో గేరు పడింది. కిందనుంచి టక్.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ రకం కార్లలో పాతవాటికి మూడులోనూ నాలుగులోనూ ఓవర్‌డ్రైవ్ పడేది. స్విచ్ గేరు గుబ్బ మీదికొచ్చిన నా కాలం కార్లకి నాలుగులో మాత్రమే. మూడో గేరులో నేనెప్పుడూ వాడలేదు గనుక ఇన్నేళ్ళూ ఆ తేడాయే తెలీలేదు. పాత మోడల్ పేజీ తెరిచి పెట్టుకుని కొత్త మోడల్‌ని తిడుతున్నాను.

ఆదివారం వడియాలు ఎత్తేశాక, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించుకుని, మా అత్తగారిని ఎక్కించుకుని కారు పుట్టిన ఊరు చూపిద్దామని బయల్దేరాను. ఎం4 మీద పోయి, ఛీవ్లీ దగ్గర ఎ34 ఎక్కాం. ఆవిడ కొంగు తలచుట్టూ బిగించి కట్టుకున్నారు. డెబ్భైకి రాగానే స్విచ్ జరిపాను. ఇంజన్ గోల ఒక్కసారిగా సద్దుమణిగింది.

"ఏమైంది బాబూ, ఆగిపోయిందా?"

"లేదు అత్తయ్యగారూ, ఇప్పుడే హాయిగా పోతోంది."

ఆవిడ కాసేపు రోడ్డు చూశారు. తర్వాత గేరు గుబ్బ వైపు చూశారు. నా బొటనవేలు, రెండు నెలల అలవాటు కొద్దీ, స్విచ్‌ని ఎడంవైపుకి వాలుగా నొక్కిపెట్టే ఉంది.

"చెయ్యి తియ్యండి బాబూ," అన్నారు. "ముడి గట్టిగానే వేశాను."