కుడికాలికి ఎడమకాలు రాయునది

మహారాజశ్రీ అన్నయ్య కుడికాలు గారికి, తమ్ముడు ఎడమకాలు నమస్కరించి రాయునది ఏమనగా, నేనిక్కడ క్లచ్ పెడల్ దగ్గర క్షేమం. నువ్వు యాక్సిలరేటర్ మీద క్షేమంగా ఉన్నావని రోజూ పొద్దున్నే వచ్చే ఆ మోతే చెబుతోంది. నాకే కాదు, వీధి వీధంతటికీ చెబుతోంది.

జానెడు దూరంలో ఉంటూ ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. మాటల్లో చెబుదామంటే నీ రేస్ మోతలో నాకే వినపడదు, నీకేం వినపడుతుంది? పైగా నీలాంటి అన్నలు ప్రతి కారులోనూ ఉన్నారు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

సంగతికొస్తాను. చెయ్యి ఇంకా తాళం తిప్పకముందే నువ్వు యాక్సిలరేటర్ మీదకెక్కి దభీదభీమని రెండు మూడుసార్లు తొక్కుతావు. ఇంజన్ అలా అందుకుందో లేదో, దాని మీద కాలు దువ్వినట్టు భర్రుమని రేస్ ఇస్తావు. ఆ తర్వాత బండిని నువ్వే లేపినట్టు ఓ ఫోజు. దాన్ని స్టార్ట్ చేయడంలో నీ వాటా ఎంతో ఎప్పుడైనా లెక్క చూసుకున్నావా అన్నయ్యా? గుండుసున్నా. ఇప్పటి కార్లు చాలావాటిలో నీ పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య కేబుల్ కూడా లేదు. నువ్వు ఎంత తొక్కావో కొలిచి కంప్యూటర్‌కి చెప్పే సెన్సార్ ఒకటుంది, అంతే. తాళం తిప్పకముందు అదీ నిద్రలోనే ఉంటుంది.

నీ తొక్కుడుకు ఒకప్పుడు అర్థం ఉండేది, కాదనను. ఇంజన్‌కి పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్ ఉన్న రోజుల్లో పెడల్ నొక్కినప్పుడల్లా దాని లోపలి చిన్న పంపు కాస్త పెట్రోలు చిమ్మేది. చలిలో చోక్ లాగి, నువ్వు ఒకట్రెండుసార్లు తొక్కితేనే ఇంజన్ కదిలేది. అంతకు చాలా ముందు ఈ కష్టమంతా చెయ్యిది. బండి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ వేయకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, లేకపోతే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలో మణికట్టో విరిగేది. 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక చెయ్యి బతికిపోయింది. పాత పని పోయిందని ఒప్పుకుని, మారుమాట్లాడకుండా తాళం దగ్గరికి మారింది.

మరి నువ్వు? 1990లలోనే చాలాచోట్ల కొత్త కార్లలోంచి కార్బురేటర్ తప్పుకుని కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మించే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. అయినా, రిటైరైన మర్నాడు కూడా టంచనుగా ఆఫీసుకొచ్చి, పాత కుర్చీలో కూర్చుని ఫైళ్ల మీద సంతకాలు పెట్టే పెద్దమనిషిలా నువ్వు తొక్కుతూనే ఉన్నావు. ఆ సంతకాలు ఎవరూ చూడటం లేదు అన్నయ్యా.

ఒక్కచోట చూస్తారులే, అదీ చెప్పాలి. చాలా ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో యాక్సిలరేటర్‌ని కిందిదాకా అదిమిపట్టి సెల్ఫ్ కొడితే, లోపల పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోయాయని కంప్యూటర్ అర్థం చేసుకుంటుంది. వెంటనే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను ఆపేస్తుంది. నువ్వేమో ఇంజన్‌కి పెట్రోలు పోస్తున్నాననుకుని చెమటోడుస్తుంటావు. నీ పుణ్యమా అని వచ్చే పెట్రోలు కూడా ఆగిపోతుంది.

నువ్వు గోల చేస్తున్న ఆ కాసేపట్లో నిజంగా ఏం జరుగుతుందో ఒక్కసారైనా చూడు. తాళం ఆన్ దాకా తిరిగి ఆగగానే డాష్‌బోర్డు మీద ఇంజన్, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ వెలుగుతాయి. అందులో ఏదైనా వెలగకపోతే అది మంచి వార్త కాదు, అసలు సమయంలో అది హెచ్చరించలేదని అర్థం. అదే సమయంలో వెనక సీటు కింద నుంచి సన్నగా జీ...మని శబ్దం వస్తుంది, రెండు సెకన్లు ఉండి ఆగిపోతుంది. అది ట్యాంకులోని పెట్రోల్ పంపు, పైపుల్లో ప్రెషర్ నింపుతోంది. ఇన్నేళ్లలో ఆ శబ్దం నీ చెవిన పడలేదంటే తప్పు పంపుది కాదు.

డీజిల్ బండిలో ఇంకొంచెం ఓపిక కావాలి. చుట్టలు తిరిగిన తీగ బొమ్మతో పసుపు రంగు హీటర్ లైటు వస్తుంది, అది ఆరేదాకా ఆగాలి. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు. గట్టిగా నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఇంజన్‌లో ఆ వేడి చాలదు కాబట్టి హీటర్ ప్లగ్గులు ముందు ఎర్రగా కాలాలి. దానికి పట్టేది కొన్ని సెకన్లు. ఆ కొన్ని సెకన్లు కూడా నీకు కాలు నిలవదు.

నీ రేస్ మీద నా అసలు కోపం ఎందుకో ఇప్పుడు చెబుతాను. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో ఆయిల్ చాలావరకు కిందికి జారి, అడుగునున్న సంపు అనే తొట్టిలో చేరుతుంది. బేరింగుల మీద మిగిలేది పల్చటి పొర. ఇంజన్ తిరగడం మొదలయ్యాక పంపు ఆ ఆయిల్‌ని పైకి తోడాలి, ఫిల్టర్ దాటించాలి, పైన వాల్వులను కదిపే క్యామ్‌షాఫ్ట్ దాకా పంపాలి. చల్లబడి చిక్కగా ఉన్న ఆయిల్ అంత తొందరగా పాకదు. ప్రెషర్ వచ్చాకే ఎర్రటి ఆయిల్ లైటు ఆరుతుంది. నువ్వు సరిగ్గా ఆ లోపలే రేస్ ఇస్తావు. ఇనుము మీద ఇనుము రాసుకునే ఆ ముహూర్తం నీకెలా తెలుస్తుందో గానీ, ఒక్కరోజు కూడా గురి తప్పవు. ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే టర్బో ఉన్న బండైతే దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు, దానికి ఆధారం ఆ ఆయిల్ పొరే.

ఊరికే ఉంటే ఏమవుతుందో తెలుసా? చల్లటి ఇంజన్ తనంతట తానే 1,200 ఆర్‌పీఎం దగ్గరికి లేచి, వేడెక్కేకొద్దీ 800 దగ్గరికి దిగుతుంది. ముల్లు అలా దిగుతుంటే నీ సొమ్మేం పోయింది? ఒకవేళ కొన్ని సెకన్లు దాటినా ఆయిల్ లైటు ఆరలేదనుకో, రేస్ ఇచ్చి దాన్ని ఆర్పుదామని చూడకు. ఇంజన్ ఆపేయాలి, అంతే.

దీనికి రివర్సులో ఇంకో జబ్బు ఉంది. ఇంజన్ వేడెక్కాలంటూ బండిని పావుగంట అలా వదిలేయడం. చల్లగా ఉండగా పెట్రోలు ఎక్కువ పాళ్లలో వెళుతుంది, కొంత కాలకుండా పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. అరనిమిషం చాలు, బాగా చలిగా ఉంటే ఓ నిమిషం. తర్వాత నువ్వు మెత్తగా నొక్కుతూ నడిపితే దారిలోనే వేడెక్కుతుంది. మూసి ఉన్న షెడ్డులో మాత్రం ఆ అరనిమిషం కూడా వద్దు. పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషిని నిద్రపుచ్చినట్టే చంపేస్తుంది. ముందు తలుపు తీయాలి, తర్వాతే తాళం. ఇక ఇంజన్ ఆపేముందు నువ్వు సెలవు తీసుకుంటున్నట్టు ఇచ్చే ఆఖరి రేస్ ఉంది చూశావా, దాని గురించి రాయాలంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆయిల్ పంపు ఆగిపోయాక కూడా ఆ టర్బో తిరుగుతూనే ఉంటుంది మహానుభావా!

అసలు స్టార్ట్ చేసేటప్పుడు నీ చోటు యాక్సిలరేటర్ కాదు, బ్రేక్. హ్యాండ్ బ్రేక్ వేసి ఉందని నిమ్మళంగా ఉంటావు, కానీ అది ఎంత బిగువుగా ఉందో ఎవరికెరుక? నిన్న బండిని గేర్‌లో పెట్టి ఆపిన సంగతి ఇవాళ ఎవరికీ గుర్తుండదు. నేను క్లచ్ తొక్కకపోతే సెల్ఫ్ మోటార్ ఒక్కటే బండిని ముందుకు గెంతించగలదు. అప్పుడు నువ్వు కూడా యాక్సిలరేటర్ మీద ఉన్నావంటే ఎదురుగా ఉన్న గోడ సంగతి గోడే చూసుకోవాలి. అందుకే న్యూట్రల్‌లో ఉన్నా సరే నేను క్లచ్ అదిమే ఉంచుతాను. గేర్‌బాక్సులో పళ్లను తిప్పే భారం తగ్గుతుంది కాబట్టి సెల్ఫ్ మోటార్‌కీ సుఖం.

నువ్వు మాట వినవని కంపెనీలకి కూడా తెలిసిపోయింది. బటన్ స్టార్ట్ ఉన్న ఆటోమేటిక్‌లో బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కితే లైట్లు వస్తాయి, పాటలొస్తాయి, ఇంజన్ రాదు. గేరు కూడా పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉండాలి. నిన్ను బ్రేక్ మీద కూర్చోబెట్టడానికి ఇంజనీర్లు ఇంత వైరింగ్ చేశారు. ఆ బండిలో నాకు క్లచ్చే లేదు, ఉద్యోగం ఊడింది. ఓ మూల ఫుట్‌రెస్ట్ మీద పడి ఉంటున్నాను. నేనేమైనా రేస్ ఇచ్చానా?

రేపు పొద్దున తాళం ఆన్ దాకా రాగానే నువ్వు బ్రేక్ మీదకి వచ్చేయి. ఆయిల్ లైటు ఆరాక, క్లచ్ వదిలేటప్పుడు నేనే కబురు చేస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు
ఎడమకాలు

తా.క.: ఇంజన్ అందుకోకపోతే సెల్ఫ్‌ని పది సెకన్లకు మించి కొట్టొద్దనీ, కనీసం అరనిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించమనీ చెయ్యికి వేరే ఉత్తరం రాస్తున్నాను. టక్ టక్ మని మాత్రమే వినిపిస్తే ముందు బ్యాటరీనీ దాని టెర్మినళ్లనీ అనుమానించమన్నాను. బండి వరద నీళ్లలో మునిగి తేలితే అసలు సెల్ఫ్ జోలికే పోవద్దని కూడా రాశాను. సిలిండర్లో చేరిన నీళ్లు గాలిలా నొక్కుకుపోవు, పిస్టన్లను పట్టుకున్న కనెక్టింగ్ రాడ్లే వంగిపోతాయి.